లీడ్స్‌కి వెళ్ళాల్సిన ఆవు

హోరేస్ థర్కెటిల్‌కి లీడ్స్ వెళ్ళాలని ఒకటే తహతహ. మూడు రోజులుగా తిండి కూడా సయించడం లేదు పాపం. పాదిరీ గారి ఆవు తప్పిపోతే ఊరు ఊరంతా తగువులాడుకునే పాత నవ్వుల ఒపెరా ఒకటుంది. దాన్ని పెద్ద థియేటర్లో కాకుండా సఫోక్‌లోని ఓ పల్లెలో, ధాన్యం కొట్టంలో ఆడించాలని ఒక దర్శకురాలికి బుద్ధి పుట్టింది. అలా ఈ ఊళ్ళో పది రోజులు ఆడారు. ఇక వచ్చే నెల లీడ్స్ నగరంలో ఆడతారు. గుడ్డతో కుట్టిన ఆవులోకి ఊరివాళ్ళు ఇద్దరు దూరాలి. ముందు కాళ్ళు పోస్టాఫీసులో పనిచేసే ఎనిడ్‌వి. ఆవిడ నడుం బెల్టు పట్టుకుని, వంగి, ఏమీ కనపడకుండా వెనకాల నడిచే కాళ్ళు హోరేస్‌వి.

లీడ్స్‌కి ఎవర్ని తీసుకెళ్తారో ఇంకా చెప్పలేదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం పబ్బులో హోరేస్ బల్ల మీద ఒక కాగితం పరిచాడు. "హోరేస్ లేనిదే ఒపెరా లేదు, ఇట్లు ఊరివాళ్ళు" అని దాంట్లో రాసుంది. కింద సంతకాలు కావాలి.

"ఎందుకు పెట్టాలయ్యా?" అంది పబ్బు నడిపే హిల్డా, గ్లాసు తుడుస్తూ.

"ఎందుకేంటి! మొదటి రోజు ఒపెరాలో ముఖ్య గాయకుడు పాట మధ్యలో ఒక ముక్క మర్చిపోయాడు. ఆవు కడుపులోంచి అందించింది ఎవరు? నేను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రోజు పాపం అతనికి గొంతే పోయింది. అతను ఊరికే నోరు తెరుస్తున్నాడు, పాటంతా నాదే, జనానికి తెలిస్తేగా!"

"ఆవు పాడుతోందని ఎవరికీ అనుమానం రాలేదా?" అన్నాడు ముసలి ఆంబ్రోస్.

"వస్తే నా గొప్పేముంది? విను మరి. మూడో రోజు గొంతు కాస్త పైకెత్తానా, కొట్టం పైకప్పు పెంకులన్నీ లేచి, పాటయ్యేదాకా గాల్లో నిలబడి, మళ్ళీ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. సముద్రంలో ఓడలు పొగమంచులో హెచ్చరించే బూర అనుకుని వెనక్కి తిరిగాయి. మూడు ఊళ్ళ ఆవులు వరసగా నడిచొచ్చి వాకిట్లో నిలబడ్డాయి. టిక్కెట్టు కూడా కొనలేదు. అన్నిటికంటే ముందొచ్చినవి నీ ఆవులే ఆంబ్రోస్!"

"నా ఆవుల్ని అమ్మి మూడేళ్ళయిందిరా."

"అదే చెప్తున్నా! ఎక్కడ అమ్మావో అక్కడినుంచి నడిచొచ్చాయి పాపం. ఆ ఏడుపు పాట దగ్గర అన్నీ వలవలా ఏడిచాయి. ఆ వారమంతా ఈ చుట్టుపక్కల పాలు ఉప్పగా లేవూ?"

"అబ్బో! నా టీలో ఏం తేడా తెలియలేదే," అంది హిల్డా.

"నువ్వు టీలో పంచదార మరీ ఎక్కువేస్తావు."

పబ్బంతా నవ్వింది. నవ్వుతూనే ఆంబ్రోస్ సంతకం పెట్టాడు, హిల్డా పెట్టింది. హోరేస్ కలాన్ని మూలనున్న బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఎనిడ్ మేజోడు అల్లుకుంటోంది. ఆవులో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

ఎనిడ్ తల ఎత్తలేదు.

"మూడో రోజు నువ్వు నిద్రపోయావు హోరేస్."

"మధ్యాహ్నం రెండు గ్లాసులు లాగించి వచ్చావు. లోపల వెచ్చగా ఉంది. నా బెల్టు పట్టుకునే గుర్రు పెట్టావు. నిన్ను వేదిక ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఈడ్చుకెళ్ళాను. నా నడుం ఇంకా నొప్పే. వెనక కాళ్ళు ఈడుస్తూ నడిచే ఆవుని చూసి జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు."

హోరేస్ సిగ్గుతో చచ్చిపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"దర్శకురాలు పొద్దున ఫోన్ చేసింది," అంది ఎనిడ్. "ఆ ఈడ్చే కాళ్ళు అలాగే కావాలిట. నేను ఒప్పుకుంటే ఇద్దర్నీ తీసుకెళ్తుంది."

"ఒప్పుకున్నావా?" అన్నాడు హోరేస్, కాగితం మళ్ళీ విప్పుతూ.

"ఒప్పుకున్నాను. కానీ ఒక షరతు. అక్కడ కూడా నిద్రపోవాలి."

"ఏం, మెలకువగా ఉంటే?"

"మిగతా తొమ్మిది రోజులూ మెలకువగానే ఉన్నావు కదా. ఆవులో నీ పాట వినాల్సొచ్చింది నేనొక్కదాన్నే. చాలు నాయనా."