కుట్టు డాట్ మనది

బాబాయి టీ కొట్టు బల్లెక్కితే గ్లాసు చల్లారుతుంది కానీ నోరు చల్లారదు. పక్కనే టైలరక్క కొత్త షాపు. నిచ్చెన మీద పెయింటరు కుంచె ముంచి కాచుకున్నాడు. బోర్డు మీద ఇక ఇంటర్నెట్ పేరొక్కటే బాకీ. అది బాబాయి ఉచితంగా ఇస్తానన్నాడు.

"రాసెయ్ రా, 'కుట్టు డాట్ మనది'! డాట్ కామ్‌లూ గీమ్‌లూ పాతబడ్డాయి. ఈ 'మనది' తోక నేను పుట్టించిందే. ఏదో, సమాజసేవ. పేర్ల చివర ఏ తోకలుండాలో తేల్చే సభ ఒకటుందిలే, అందులో జీతం బత్తెం లేని సేవకుణ్ణి. మొదట్లో మూల కుర్చీలో కూర్చుని చెయ్యెత్తేవాణ్ణి, అంతే. ఓరోజు గొంతు సవరించుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మంచినీళ్లిచ్చుంటారు," అంది టైలరక్క.

"సభంతా లేచి నిలబడింది! అక్కడికక్కడే 'మనది' పుట్టించా. తెల్లారేసరికి మంత్రులు, మహారాజులు మా గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డారు. వాళ్లకి టీలు పెట్టలేకే మీ పిన్ని పుట్టింటికెళ్లింది..."

"పిన్ని వెళ్లింది అందుకా?" పైనుంచి పెయింటరు.

"మధ్యలో అడ్డు రాకు! ఓసారి తుమ్మానా, దేశదేశాల ఇంటర్నెట్టు ఆగిపోయింది. విమానాలు గాల్లోనే నిలబడి 'బాబాయికి జలుబు తగ్గిందా' అని అడిగాయి. మొన్న చంద్రుడు కూడా పేరు కావాలన్నాడు. వరుసలో రమ్మన్నా. సేవలో పక్షపాతం కూడదు కదా! నువ్వు రాయరా."

కుంచె బోర్డు దాకా వెళ్లింది.

"ఆగు," అంది టైలరక్క. "అవతలి వీధులవాళ్లు ఆ పేరు చూసే నా దగ్గరికి రావాలి." ఫోన్‌లో కొట్టింది. తెరుచుకోలేదు. పెయింటరు కొట్టాడు. ఊహూఁ. టీ కొట్టాయన కొట్టాడు. అదే గతి.

బాబాయి తన ఫోన్ ఎత్తాడు. "ఇదిగో, మిషను బొమ్మతో సహా వచ్చింది! మీ ఫోన్లలో నా సెట్టింగ్ పెట్టుకోవాలి మరి."

"ఎవరెవరు?"

"ఎవరేంటి, ప్రపంచమంతా!"

"ఇప్పటిదాకా ఎవరు పెట్టుకున్నారు?"

బాబాయి చల్లారిన టీని ఊదాడు. "నేను మొదలుపెట్టాగా."

"బాబాయ్, చొక్కా కుట్టి, 'ఇది పట్టాలంటే ఊరంతా మా బాబాయి కొలతలకి రావాలి' అంటే నా గుమ్మం ఎవరైనా తొక్కుతారా?"

టీ కొట్టాయన నవ్వాపుకోలేక గ్లాసు వదిలేశాడు.

"అక్కా, కుంచె ఆరిపోతోంది. ఏం రాయను?"

"ఫోన్ నంబరు రాయి. పెద్దగా."