ముగ్గు తొక్కని పెద్దలూ, స్వర్ణలత గారి అమెరికా పాఠమూ

1992 ఆగస్టు 17, సోమవారం ఉదయం, రేపల్లెలోని డిగ్రీ కళాశాలలో చరిత్ర అధ్యాపకురాలిగా శ్రీమతి స్వర్ణలత గారు బాధ్యతలు స్వీకరించారు. స్వస్థలంలోనే తొలి ఉద్యోగం! బడిపంతులూ, లూథరన్ సంఘంలో పెద్దమనిషీ అయిన తండ్రి శాలేమురాజు గారు గేటు దాకా వెంట వచ్చి, "బట్టీ పట్టించకు తల్లీ, పిల్లల చేత ప్రశ్నలు వేయించు" అని చెప్పి వెళ్లారట. ఆ మాటను ఆమె ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఆమె తరగతి ఏనాడైనా సద్దు లేకుండా సాగిందని ఎవరైనా చెబితే మేము నమ్మము. పక్క గదిలో పాఠం చెప్పుకోవలసి వచ్చిన సహాధ్యాపకులం, మా అవస్థ మాకే తెలుసు.

రేపల్లె నుంచి తెనాలికి బదిలీ అయిన కొన్నేళ్లకు, అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో ఆమె ఒక ఉపన్యాసం విన్నారు. వలస వచ్చినవారితో నిండిన అమెరికాలో, పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కల్లో, మనుషుల జాతి ఎలా మారుతూ వచ్చిందన్నది దాని విషయం. మెక్సికో వారికి 1930లో ప్రత్యేకంగా ఒక గడి కేటాయించి, మరుసటి లెక్కలకే తీసేశారట. ఒకనాడు ఈసడింపులకు గురైన ఐర్లండ్, ఇటలీ వలసదారులు క్రమంగా తెల్లవారిలో ఇమిడిపోయారట. ఇక మనవారి సంగతి సరేసరి! తిరిగి రాగానే స్వర్ణలత గారు భుజాన సంచీ అయినా దించకుండా స్టాఫ్‌రూములో నిలబడి, "విన్నారాండీ? 1930లో మా తాతగారు అక్కడుండి ఉంటే, చర్చి పెద్ద కాస్తా 'హిందూ' జాతి అయిపోయేవారు! ఏ మతం వాళ్లయినా మనవాళ్లందరికీ అప్పుడు అదే గడి. 1970 దాకా ఆగితే తెల్లవాళ్ల లెక్కలో చేరేవారు. ఇంకో పదేళ్లకి 'ఏషియన్ ఇండియన్'! మనిషి మాత్రం ఆ మనిషే!" అని పకపకా నవ్వారు.

ఆ ఉత్సాహంతోనే తరగతిలోనూ చెప్పారు. పిల్లలూ విరగబడి నవ్వారు. అంతలో చుండూరు నుంచి రోజూ వచ్చే ఒక విద్యార్థిని లేచి, "అక్కడ గీతలు మారినాయంటున్నారు. మరి మన ఊళ్లో కులాల గీతలు మారవేంటి మేడమ్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఒక్క గంటలో జవాబు చెప్పడం తన వల్ల కాదనీ, దానికొక పూర్తి పాఠ్యాంశమే కావాలనీ స్వర్ణలత గారు ఆనాడే నిశ్చయించుకున్నారు. ఆమె ఒకటి నిశ్చయించుకుంటే ఇంకేముంది! బాపట్లలో మన కళాశాలకు వచ్చాక, పై అధికారుల్ని ఊపిరి సలపనివ్వకుండా తిరిగి తిరిగి, 'వలస సమాజాలు – జాతి విభజన' అనే ఐచ్ఛికాంశాన్ని సాధించారు.

సాధించడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. కొన్నేళ్లకే పాఠ్యప్రణాళిక సంఘం వారు దాన్ని తొలగించదలచి, ఆఖరి నిర్ణయానికి ముందు తరగతిని స్వయంగా చూస్తామన్నారు. సంఘాధ్యక్షులు ఆచార్య బ్రహ్మాజీ గారు మొహమాటం లేని మనిషి. "బాపట్ల, రేపల్లె పిల్లలకి అమెరికా వాళ్ల జాతుల గొడవ ఎందుకమ్మా? ఉద్యోగాలొచ్చేదేదన్నా పెట్టుకోవచ్చు కదా!" అని ఫోనులోనే అనేశారు. ఆ ఒక్క పూటలో ఆయనను ఒప్పించలేకపోతే, చుండూరు అమ్మాయి ప్రశ్నకు జవాబుగా కట్టుకున్న చదువంతా మూలన పడుతుంది. పైకి గంభీరంగా ఉన్నా, ఆ వారమంతా స్వర్ణలత గారికి అన్నం సహించలేదు.

వాళ్లు వచ్చే ముందురోజు సాయంత్రం వరండాలో సుద్దముక్కతో పెద్ద పెద్ద గడులు గీయించారు. ఒక్కొక్క దశాబ్దం పేరు పిలవగానే పిల్లలు ఒక గడిలోంచి మరో గడిలోకి మారాలి. అదీ ఆమె బోధనాపద్ధతి, తొక్కుడుబిళ్ల ఆటలాగే! మర్నాడు ఉదయం అతిథులను వెంటబెట్టుకొని వరండాలోకి అడుగుపెట్టి చూస్తే గడులు లేవు! వాటి స్థానంలో, వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా, నడుమ బంతిపూలతో, కన్నులపండువగా ముగ్గు! ఊడ్చే సుబ్బాయమ్మ చీపురు చంకన పెట్టుకొని సంబరంగా ఎదురొచ్చింది.

"పెద్దోళ్లు వస్తన్నారని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినట్టున్నారు, పాపం తీరిక లేక! అడ్డగీతలు తుడిచి నేనే పూర్తి చేశానమ్మా. బాగుందా?"

"చాలా బాగుంది సుబ్బాయమ్మా" అన్నారు స్వర్ణలత గారు. ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

విద్యార్థులు బిలబిలమంటూ వచ్చి, ముగ్గును చూడగానే గోడవారగా ఒకరి వెనుక ఒకరు నడిచి అవతలికి చేరారు. రేపల్లె నుంచి వచ్చే తోమాసు అనే లూథరన్ పిల్లవాడూ అంతే. వారి వెనుక బ్రహ్మాజీ గారు సైతం పంచె కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, గోడకు భుజం రాసుకుంటూ జాగ్రత్తగా దాటారు. అది చూసిన క్షణాన స్వర్ణలత గారి ముఖం వెలిగిపోయింది.

"అదేంటి తోమాసూ, పక్కనుంచి వెళ్లావు?"

"ముగ్గు తొక్కకూడదు కదండీ!"

"నిన్న సాయంత్రం ఇక్కడే సుద్దగీతల మీద గెంతావుగా?"

"అవి ఉత్త గీతలండి. ఇది ముగ్గు."

"ఒక్క పూటలో ఉత్త గీత తొక్కకూడని గీత ఎలా అయింది నాన్నా? పిండి చేతిలో ఉన్నవాళ్లు గీశారు, చూసినవాళ్లం పక్కకి నడిచాం. ముగ్గు అందం కోసం, ఎవరికీ నష్టం లేదు. మనుషుల మధ్య గీసినవీ ఇలాగే మొదలవుతాయి. అమెరికాలోనూ అంతే, మన ఊళ్లోనూ అంతే. నాలుగు తరాలు పక్కకి నడిస్తే, అవి దేవుడు గీసినవనుకుంటాం. గీసింది మనుషులు గనక చెరపగలిగేదీ మనుషులే!"

ఆ తరువాత గంటసేపు తరగతి హోరెత్తిపోయింది. చివర్లో బ్రహ్మాజీ గారు లేచి, "నేనూ పక్కకే నడిచానమ్మా. ఎందుకు నడిచానో ఇప్పటిదాకా ఆలోచించలేదు. ఈ పాఠం తీసేయడానికి నా చెయ్యి రాదు" అన్నారు. పాఠ్యాంశం నిలిచింది! సుబ్బాయమ్మకు ఆ రోజు స్టాఫ్‌రూములో అందరికంటే ముందు టీ అందింది.

ఈ ఫిబ్రవరి నెలాఖరున స్వర్ణలత గారు పదవీ విరమణ చేస్తున్నారు. తన తరువాత ఈ పాఠం ఏమవుతుందోనన్న దిగులు కొద్ది నెలలుగా ఆమెను తొలిచేస్తూ వచ్చింది. చివరకు ఆ బాధ్యతను అందుకున్నది నాటి తరగతిలో విద్యార్థిని, నేడు మన సహాధ్యాపకురాలు అయిన కుమారి ఇందు. సూర్యలంక తీరాన చేపల వ్యాపారం చేసుకునే కుటుంబంలో పుట్టి, చదువులో ఎదిగివచ్చిన ఇందు మొన్న గురువుగారి ముందుకు వచ్చి నిలబడింది.

"మేడమ్, ఏమీ అనుకోవద్దండి. మీ పాఠం నేను ఉన్నదున్నట్టు చెప్పలేనండి. అమెరికా లెక్కల్లో మళ్లీ కొత్త గడులు వస్తాయంటున్నారు. పైగా ఈసారి మన తీరం నుంచే మొదలుపెడదామనుకుంటున్నాను. సగానికి సగం మార్చేయాలండి."

మేమంతా గురువుగారి వైపు తిరిగాము. ప్రాణంగా చూసుకున్న పాఠం మరి! స్వర్ణలత గారు ఒక్క ఉదుటున లేచి ఇందును గట్టిగా కౌగిలించుకున్నారు.

"మార్చు తల్లీ, మార్చు! ఏదీ శాశ్వతం కాదని ఇన్నేళ్లూ చెప్పి, నా పాఠం మాత్రం శాశ్వతంగా ఉండాలంటే, నేను చెప్పిందంతా అబద్ధమైపోదూ?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మాకూ తిరిగాయి, దాచడమెందుకు! ఇకపై ఆమె ప్రశ్నల ధాటికి పగలంతా ఒంటరిగా తట్టుకోవలసిన భర్త జకరయ్య గారికి మా ప్రగాఢ సానుభూతిని తెలియజేస్తూ, ఇందు మార్చిన పాఠాన్ని ఇందు శిష్యులు మార్చి, దానిని వారి శిష్యులు మళ్లీ మార్చే రోజున కూడా శ్రీమతి స్వర్ణలత గారు ముందు బల్ల మీద కూర్చొని, నిండు ఆరోగ్యంతో, ఇదే గొంతుతో మొట్టమొదటి ప్రశ్న వేయాలని మనసారా కోరుకుంటున్నాము.