పచ్చముల్లు

వాచీలు బాగుచేసే చిన్న గది. మధ్యాహ్నం నాలుగు దాటింది. బల్ల దగ్గర అక్క, ఎదురుగా స్టూలు మీద తమ్ముడు. ఇద్దరి మధ్యా గుడ్డముక్క మీద వాళ్ళ నాన్న వాచీ.

“ఆకుపచ్చే అక్కా, కాదనట్లేదు. కానీ కంపెనీవాళ్ళు ఇప్పుడు చేసిన కొత్త వాచీల్లో ముల్లుకి వేసిన పచ్చ వేరు, మన పచ్చ వేరు.”

“పచ్చలో కూడా మనదీ పరాయిదీ ఉంటుందట్రా?”

“నవ్వకు. పొద్దుట్నుంచి మా పాతవాచీల గ్రూపులో ఇదే గొడవ. మనది లేతాకు రంగు. వాళ్ళదాంట్లో నాచు కలిసినట్టుంది. ఐదొందలే చేశారు, పదకొండు నిమిషాల్లో అయిపోయాయి. దొరకనివాడూ ఏడుస్తున్నాడు, దొరికినవాడూ ఏడుస్తున్నాడు.”

“దొరికినవాడికేం రోగం?”

“గీతలు పడని అద్దం వేశారట. పాతదానిలాగా ఉబ్బుగా ఉండే ప్లాస్టిక్ అద్దమే కావాలట. నాలుగు గీతలు పడితేనే వాచీకి ప్రాణం వస్తుందట.”

“నా దగ్గరికి పంపించు. గరుకుకాగితం పెట్టి ఎన్ని కావాలంటే అన్ని గీతలు గీసిస్తాను.”

“సైజు పెరిగిందని ఒకడు. బెల్టు వాసన బాగాలేదని ఒకడు. అంకెలకి ముందే పసుపు పూశారని లెక్కల మేష్టారు. అంటే పాతబడినట్టు కనపడాలని...”

“కొత్తదానికి ముసలిరంగా? మా వీధిలో మగాళ్ళంతా నెలకోసారి జుట్టుకి నల్లరంగు వేసుకుని తిరుగుతుంటే, వాచీకి ఈ ఖర్మేమిటిరా?”

“అవన్నీ తర్వాత. నువ్వు ముందు నాన్న వాచీ విప్పు. ఆరింటికి లైవు.”

“ఏమిటది మళ్ళీ?”

“ఎన్నిసార్లు చెప్పాలక్కా? ఆరింటికి ఫోను ముందు కూర్చుని అందరితో మాట్లాడాలి. మూడొందల మంది చూస్తారు. వాచీ చూపించి ఈ ముల్లు సంగతి తేల్చాలి.”

“ముల్లుకేమైంది? మీట నొక్కితే తిరుగుతోంది, మళ్ళీ నొక్కితే ఆగుతోంది.”

“రంగు సంగతి. కంపెనీవాళ్ళు ఏం రాశారో విను. ‘యాభై ఏళ్ళ కిందట ఓడ సిబ్బంది చేతికి పెట్టుకోవడానికి చేసిన స్టాప్‌వాచీ. అందులో పచ్చముల్లు రకం ప్రపంచం మొత్తానికీ ఒక్కటే మిగిలింది.’ ఆ ఒక్కటీ మనది. తొమ్మిదేళ్ళ కిందట నేను గ్రూపులో పెట్టిన ఫొటో చూసే కొత్తవి చేశారు.”

“మరి నీకొకటి పంపారా?”

“థాంక్స్ అని ఉత్తరం పంపారు.”

“ఫ్రేము కట్టించుకో.”

“పంపకపోతే పోయారు. నా బాధ అది కాదు. పళ్ళ డాక్టరు లేడూ, వాడు ఎక్కణ్ణుంచో ఆ ఏటి కేటలాగు పట్టుకొచ్చాడు. అందులో అన్నిటికీ ఎర్రముల్లే. పచ్చముల్లనేదే లేదు, ఎవడో తర్వాత పూశాడు, గురువుగారు, అంటే నేను, తొమ్మిదేళ్ళుగా మనందర్నీ వెర్రివాళ్ళని చేశారు అని రాశాడు. సగం మంది వాడి వైపు తిరిగిపోయారు.”

“తిరగనీ. వాళ్ళేమైనా నీకు అన్నం పెడుతున్నారా?”

“ముల్లు ఊడదీసి వెనకవైపు చూపించమంటున్నారు. వెనక ఎరుపుంటే పూసినట్టు. లేకపోతే కంపెనీదే. ఐదు నిమిషాల పని, తియ్యక్కా.”

“ఇవాళ కళ్ళు లాగేస్తున్నాయిరా. పొద్దుట్నుంచి మూడు ఆడవాళ్ళ వాచీలు చేశాను, ఒక్కోటి గోరంత. రేపు రా.”

“రేపొచ్చి ఏం చెయ్యను?”

“ముల్లు ఊడదీసే పట్టకారు కూడా కనపడట్లేదు.”

“నీ చేతిలో ఉన్నదేమిటి?”

“ఇది... ఇది వేరేది.”

“అక్కా.”

“ఎవరెవరు చూస్తారన్నావు?”

“అందరూ. పళ్ళ డాక్టరు, లెక్కల మేష్టారు, బట్టలకొట్టాయన, రేవు పెద్దాఫీసరు, ఇంకా...”

“ఆఫీసరు కూడానా?”

“ఆయన లేకుండా గ్రూపేమిటి? కొత్తది నిన్ననే చేతికొచ్చిందట, మొహం చాటంత చేసుకుని ఫొటో పెట్టాడు. ఏం, ఎందుకు?”

“ఊరికే అడిగాను.”

“అడిగావుగా. ఇక తియ్యి.”

“తియ్యక్కర్లేదు. వెనక ఎరుపే ఉంటుంది.”

“ఏమిటీ?”

“పళ్ళ డాక్టరు చెప్పింది నిజమేరా. పూసిందే అది. నాన్నే పూశాడు, ఈ బల్ల మీదే.”

“నాన్నా? నాన్న ఎర్రముల్లుకి పచ్చరంగు పూస్తాడా? ఆయన పనిలో వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.”

“ఎరుపే పూశాననుకున్నాడు.”

“నాకు అర్థం కావట్లేదు.”

“నాన్నకి ఎరుపూ పచ్చా తెలిసేవి కావు. పుట్టుకతోనే అంతే. రెండూ మట్టిరంగులా కనపడేవట.”

“పో అక్కా.”

“ఒట్టు.”

“ముప్పై ఏళ్ళు ఆయనతో ఒకే ఇంట్లో ఉన్నాను, నాకు తెలీకుండా?”

“అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. చొక్కా తీసిచ్చేది అమ్మ. రంగుడబ్బాల మీద పేర్లు రాసి అంటించేది నేను. టమాటాలు కొనడానికి వెళ్తే నన్ను వెంటబెట్టుకెళ్ళేవాడు, పండినవి ఏరిపెట్టమని.”

“నువ్వంటే ముద్దు, అందుకే నిన్ను తీసుకెళ్తాడనుకునేవాణ్ణి. ఎంత ఏడ్చినా నన్ను ఒక్కరోజు తీసుకెళ్ళలేదు.”

“నువ్వు వాగుడుకాయవి. సందు తిరిగేలోపు ఊరంతా చెప్పేవాడివి.”

“మరి రేవు వర్క్‌షాపులో ఎలా తీసుకున్నారు? అక్కడ వైర్లూ దీపాలూ మీటర్లూ అన్నీ రంగులే కదా. కళ్ళ పరీక్ష పెట్టలేదా?”

“పెట్టారు. చుక్కల పుస్తకం అని ఒకటుంటుంది. పేజీనిండా రంగుచుక్కలు, మధ్యలో ఓ అంకె దాక్కుని ఉంటుంది. రంగులు తెలిసినవాడికే అది కనపడుతుంది. అమ్మ ఎవరినో బతిమాలి ఆ పుస్తకం రెండు రోజులు ఇంటికి తెచ్చింది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఏ పేజీలో ఏ అంకో వరసగా నేనే ఆయనకి బట్టీ పట్టించాను. పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవైతొమ్మిది. పంతొమ్మిదో ఎక్కం మర్చిపోయాను గానీ అది మర్చిపోలేదు.”

“నేనెక్కడున్నాను అప్పుడు?”

“గోళీలాడుతూ ఉండుంటావు.”

“మరి ఈ ముల్లు?”

“నాకు జ్వరమొచ్చి పడుకున్నాను. ఓడ ఇంజనీరు ఒకడు వాచీ ఇచ్చి, ముల్లు మీద రంగు పెచ్చులూడింది, పొద్దున్నే ఓడ కదులుతుంది, ఈలోపు వేసిపెట్టమన్నాడు. డబ్బా మీద నేనంటించిన కాగితం తడిసి ఊడిపోయింది. నన్ను లేపడానికి మనసు రాక, తనే ఒక డబ్బా తీశాడు. చూడు, ఎంత సన్నగా వేశాడో. డయలు మీద ఒక్క చుక్క పడలేదు. రంగొక్కటే తప్పు.”

“ఇంజనీరేమన్నాడు?”

“వర్క్‌షాపు నట్టనడుమ నిలబడి, పచ్చరంగు ఎవడు వెయ్యమన్నాడని అరిచాడట. అందరూ తలెత్తి చూస్తున్నారు. నాన్న తడుముకోకుండా, ‘కొత్తగా ఉంటుందని వేశానండీ, నా మోజు. మీకు నచ్చకపోతే ఇది నాకిచ్చి నాది తీసుకోండి’ అని తన చేతిది విప్పి ఇచ్చేశాడు. అది పెళ్ళినాటి వాచీ. ఆవేళ నుంచీ ఇది పెట్టుకున్నాడు. మోజని నలుగురి ముందూ అన్నాడు కదా, మరి జీవితాంతం మోజు పడాలి.”

“పోయేదాకా విప్పలేదక్కా. నేనే విప్పాను, ఆసుపత్రిలో.”

“తెలుసు.”

“అయితే ఐదొందల మంది చేతికి ఇప్పుడు నాన్న పొరపాటు పెట్టుకు తిరుగుతున్నారన్నమాట. పచ్చలో నాచు కలిసిందని కొట్టుకు చస్తున్నాం మేము... అక్కా, ఇది చెప్పేస్తాను. ఆరింటికి ఇదే చెప్తాను.”

“వద్దు.”

“ముల్లు పూసిందేనని ఒప్పుకుంటాను. ఎవరు పూశారో, ఎందుకు పూశారో చెప్తాను. పళ్ళ డాక్టరు కూడా కళ్ళు తుడుచుకుంటాడు.”

“వద్దన్నానా?”

“మరేం చెప్పమంటావు?”

“పాతది, ముల్లు తీస్తే విరుగుతుందని మా అక్క ఒప్పుకోలేదని చెప్పు. కంపెనీదేనని చెప్పు.”

“అబద్ధం చెప్పలేను. నేను పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక నన్ను మనిషిగా పలకరించింది వాళ్ళేనక్కా. ఇంట్లో నన్ను కుర్చీని చూసినట్టు చూస్తారు, అడ్డమొస్తే జరుపుతారు. అక్కడ గురువుగారూ అంటారు. ఒక్క అబద్ధమాడి దొరికానంటే ఆ పిలుపు కూడా పోతుంది. ఇంకేం మిగుల్తుంది నాకు?”

“కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందిరా.”

“ఎవరి కాళ్ళ మీద? నాన్న పోయి ఇరవై ఏళ్ళు. అమ్మా లేదు. ఆ వర్క్‌షాపు పడగొట్టి గోదాము కట్టారు. ఇప్పుడొచ్చి ఎవరి ఉద్యోగం పీకుతారు?”

“నీకు చెప్పినా అర్థం కాదు. టీ తాగుతావా?”

“వద్దు. ఆగాగు. ఇది వంశంలో వచ్చే జబ్బా? నాకూ ఉందా ఏంటి? అందుకేనా నేను ఈ పచ్చా ఆ పచ్చా అని పొద్దుట్నుంచి...”

“నీకు లేదు. తండ్రి నుంచి కొడుక్కి రాదది.”

“నీకెలా తెలుసు?”

“కళ్ళ డాక్టర్ని అడిగాను. ఇక్కడ కాదు, వేరే ఊళ్ళో.”

“ఎందుకడిగావు?”

“అడిగాను, అంతే.”

“కొడుక్కి రాకపోతే మరెవరికొస్తుంది?”

“కూతురికి పైకి ఏమీ తెలీదు. ఆ కూతురికి పుట్టిన మగపిల్లలకి రావచ్చు. రాకపోనూ వచ్చు.”

“నీకున్నది ఒక్కడే కదా... అక్కా! నా మేనల్లుడికా?”

“మెల్లగా. పక్కకొట్టువాళ్ళు వింటారు.”

“వాడు లాంచీ నడుపుతున్నాడక్కా! రోజూ నూటయాభై మందిని ఎక్కించుకుని రేవు దాటిస్తున్నాడు! వాడికి ఎరుపూ పచ్చా తెలీదా?”

“ఒకటో తరగతిలో చెట్టుబొమ్మ గీసి ఆకులన్నిటికీ ఇటుకరంగు వేశాడు. టీచరు నవ్వింది. నేను ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టాను.”

“మరి లైసెన్సు ఎలా ఇచ్చారు? ఆ చుక్కల పుస్తకం...”

“నేనే.”

“నువ్వే బట్టీ పట్టించావా?”

“అప్పటికీ ఇప్పటికీ పుస్తకం మారలేదు. అదే వరస.”

“నీకేం పోయేకాలమొచ్చింది అక్కా!”

“తిట్టు. ఎవరైనా తిడితే బాగుండునని ఏడేళ్ళుగా చూస్తున్నాను. వాడికి నీళ్ళంటే పిచ్చి. ఇంకో పని చెయ్యనన్నాడు, అన్నం మానేశాడు. పగటి లాంచీయే కదా, పగలు దీపాలతో పనేముంది అనుకున్నాను. ఏడేళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా నెట్టుకొచ్చాడు. నేను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను.”

“మరి ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?”

“ప్రమోషనొచ్చింది. నీ ఆఫీసరే ఇచ్చాడు. సోమవారం నుంచి రాత్రి లాంచీ.”

“రాత్రా? దారి పొడుగునా ఓ పక్క ఎర్రదీపాలు, ఓ పక్క పచ్చదీపాలు. ఎదురొచ్చే ఓడ ఎటు తిరుగుతోందో తెలియాలన్నా ఆ దీపాలే కదా!”

“నిన్న స్వీట్లు తెచ్చి నోట్లో పెట్టాడు. తిన్నాను. రాత్రి ఒక్క కునుకు పట్టలేదు. భయంగా ఉందిరా.”

“వాడేమంటాడు?”

“ఏ మలుపు దగ్గర ఏ రంగు దీపమో కాగితం మీద రాసుకొచ్చాడు. పక్కన కూర్చుని వల్లె వేయించమన్నాడు.”

“ఎదురొచ్చే ఓడ కూడా వాడు బట్టీ పట్టిన చోటుకే వస్తుందా అక్కా?”

“నేనూ అదే అడిగాను. నవ్వాడు. తాత చెయ్యలేదా ఉద్యోగం అన్నాడు.”

“తాత తప్పు చేస్తే ముల్లు రంగు మారింది. అంతే కదా!”

“తెలుసు. నాకు తెలీదా? ఆరింటికి నువ్వు నాన్న కళ్ళ సంగతి చెప్తే, ఆ ఆఫీసరు విని, నాన్న మనవడు ఎవరో గుర్తొచ్చి, వాణ్ణి మళ్ళీ పరీక్షకి పిలుస్తాడు. అందుకే వద్దంటున్నాను.”

“అయితే చెప్పనులే. పళ్ళ డాక్టరుది తప్పు, కేటలాగు తప్పు, ముల్లు కంపెనీదే అంటాను. నా పరువు పోతే పోయింది. ఆ పిలుపు లేకపోతే చచ్చిపోతానా? నువ్వెలా చెప్తే అలా.”

“టైమెంతయింది?”

“ఐదుంపావు.”

“నీ ఫోన్లో ఆ ఆఫీసరు నంబరుందా?”

“ఉంది. ఎందుకు?”

“కలిపి ఇలా ఇవ్వు.”

“అక్కా, నీ కొడుకు మళ్ళీ నీ గడప తొక్కడు.”

“ఆరింటికి నాన్న సంగతి నువ్వు చెప్పుకో. వాడి సంగతి నేను చెప్తాను. కలుపు.”