క్లాంపూ కొంపా

(కంప్యూటర్లని నీళ్ళతో చల్లబరిచే సరంజామా అమ్మే చిన్న షాపు. కౌంటరుకి అటు షాపు నడిపే బావ. ఇటు ఆయన భార్య తమ్ముడు.)

"అది కాదురా బామ్మర్దీ! గొట్టం లోపలి కొలత చూసి ఫిట్టింగు కొనాలి, బయటి కొలత చూసి క్లాంపు కొనాలి. నువ్వు రెండూ పది మిల్లీమీటర్లే అడుగుతున్నావు. పది చొక్కా పదహారు బొజ్జకి పడుతుందా?"

"అయితే క్లాంపు పదహారు ఇవ్వు బావా."

"ఇస్తా. ఏళ్ళ తరబడి నా దగ్గర పనిచేసినవాడివి, ఇవాళే పుట్టినట్టు అడుగుతావేంట్రా?"

"మానేసి చాలా రోజులైంది కదా. మర్చిపోయా. ఫ్రెండు కంప్యూటరు, వాడు చూసి రమ్మన్నాడు."

"ఫ్రెండుకైతే నట్టు ఫిట్టింగులు పట్టుకెళ్ళు. గొట్టం దూర్చి నట్టు తిప్పితే అయిపోయె. క్లాంపుల గోలుండదు."

"వద్దొద్దు. ముళ్ళ మూతి ఫిట్టింగే ఇవ్వు. దాని మీద గొట్టం తొడిగి, చుట్టూ స్క్రూ క్లాంపు."

"శభాష్! నా శిష్యుడివనిపించావు. నట్టు లోపల పగిలితే ఎవడికీ తెలీదు. క్లాంపు వదులైతే కంటికి కనిపిస్తుంది. క్లాంపు వదిలిందా, కొంప మునిగిందే. ఊరికే అనే మాట కాదు, నిజంగా నీళ్ళలో మునుగుతుంది."

"ఒకటి బిగించి చూపించు బావా."

"చూపించడమేంటి? నీకు రాదా?"

"నువ్వు బిగించినట్టు రాదు. ఈ ముక్క మీద ఒక్కటి. స్క్రూడ్రైవరు ఇదిగో."

"నువ్వే బిగించు. గురువు నోటితో చెప్తాడు, శిష్యుడు చేత్తో చేస్తాడు."

"ఒక్కటే బావా. ఒక్కటంటే ఒక్కటి."

"పట్టు నేర్చుకోరా అంటే పట్టుబడతావేంటి! సరే, ఇటివ్వు... అవునూ, మోచేతి ఫిట్టింగులు కూడా కావాలన్నావు, ఎన్ని?"

"ఆ చప్పుడేంటి?"

"స్క్రూడ్రైవరు. నేల గట్టిదో మెత్తదో చూసొస్తానంది."

"నేను తీస్తా."

"ఉండనీ. దానికి కాళ్ళు లేవు, ఎక్కడికీ పోదు. మోచేతులు ఎన్ని?"

"రెండు. గోడకి ఆనుకుని ఉంటుంది. గొట్టం తిన్నగా పోతే మడత పడుతోంది."

"గోడకి ఆనుకునా... సరే. పాత క్లాంపేదైనా తెచ్చావా, కొలత సరిచూద్దాం?"

"తెచ్చా. ఇదిగో."

"ఏదీ..."

"ఏంటి బావా, అలా చూస్తున్నావు?"

"ఇది మీ ఫ్రెండుదా?"

"ఆ."

"మీ ఫ్రెండు గోళ్ళరంగు వేసుకుంటాడా?"

"అదీ... అంటే..."

"స్క్రూ తల మీంచి క్లాంపు మీదికి గీసిన ఈ ఎర్ర గీత చూడు. బిగించాక స్క్రూ ఏమాత్రం కదిలినా గీత విరిగి తెలిసిపోవాలని పెట్టేది. మీ అక్క గోళ్ళరంగు సీసాతో. ఆ పిచ్చి పని చేసేది నేనొక్కణ్ణే, చూసి నవ్వేది మీ అక్కొక్కతే. నీళ్ళు నమలకురా. ఈ షాపులో నీళ్ళు గొట్టాల్లోనే ఉండాలి."

"డబ్బింగ్ స్టూడియోది బావా."

"గోడ గూట్లో ఉండే మెషిను! ఫ్యాను చప్పుడు మైకులోకి దూరిపోతోందని సౌండు మేడమ్ నా చేత పెట్టించుకున్న మెషిను! ఆ స్టూడియో పని వల్లే ఈ షాపు నిలబడింది, తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే చేశావా? నా షాపులో ఫిట్టింగులు కొని నాకే ఫిట్టింగు పెడతావా?"

"అరవకు బావా."

"అరుస్తా! గొట్టంగాడా! నీకు మీసం రాకముందు స్క్రూ తిప్పడం నేర్పా. మీసం వచ్చాక నన్నే తిప్పుతున్నావు."

"లీకయింది."

"నాది లీకవదు. కారడానికి కారణం ఉండాలి."

"ఉంది. నీ చేతిలోనే ఉంది. ఆ క్లాంపు నేను విప్పలేదు బావా. వేలితో లాగితే ఊడొచ్చింది."

"అబద్ధం."

"గీత విరగలేదు చూడు. స్క్రూ ఒక్క చుట్టు కూడా కదల్లేదు. అంటే ముందే వదులుగా ఉంది. గీత పెట్టావు, బిగించలేదు."

"బోర్డు తడిసిందా?"

"ఒకటి పోయింది. మిగతావి కాపాడాను. రికార్డింగు మాత్రం ఆగిపోయింది."

"నాకు చెప్పాలి కదా! నేను చచ్చానా? ఇంట్లో ఫోనుంది, దానికి గంట ఉంది!"

"మోగింది. అక్క ఎత్తింది."

"మీ అక్కా? రోజూ ఎదురుగా కూచుని నాతోనే తింటుంది. ఒక్క ముక్క చెప్పలేదే!"

"నువ్వు ఊళ్ళో లేవని వాళ్ళకి చెప్పి, నన్ను పంపింది. ఇకమీదట నేనే వస్తానని కూడా మాట్లాడేసింది."

"ఊళ్ళో లేనా? అప్పుడు నేను పక్క గదిలో ఉండుంటాను రా! చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండుంటాను!"

"ఆ గుండీలు కూడా అక్కే పెడుతోందటగా. నీ చేతులు వణుకుతున్నాయి బావా."

"చలి."

"చెమట పడుతోంది నీకు. డాక్టరు దగ్గరికి పదమంటే జోకులేస్తున్నావట. షాపు మూసేద్దామంటే ఇంకా పెద్ద జోకులట. అద్దె కాగితం అక్క పేరు మీదే కదా. నా ముందు ఒక్క క్లాంపు సరిగ్గా బిగిస్తే ఉంచుదాం, లేకపోతే తాళాలు ఓనరుకి ఇచ్చేస్తానంది."

"అంటే నువ్వు క్లాంపులు కొనడానికి రాలేదు. నన్ను బిగించడానికొచ్చావు."

"నాకు మాత్రం సరదానా?"

"ఒరేయ్. ఇలా రా. ఇంకా దగ్గరికి రా. మీ అక్క నన్ను మోసం చేసింది, నువ్వు తోడు పోయావు. సరే, అదీ చల్లబడనీ. ఇప్పుడు నాకోసం మీ అక్కని ఒక్కసారి మోసం చెయ్యి. బిగించాడు, రాయిలా బిగించాడు అని చెప్పు."

"బావా..."

"స్టూడియో నువ్వే ఉంచుకో. మెషిన్ల మీద చెయ్యి వెయ్యను, ఒట్టు. ఏ గొట్టానికి ఏది పడుతుందో నోటితో చెప్తూ కూచుంటా, అంతే. ఈ కౌంటరు తీసేస్తే నేనెవర్ని రా? ఇంట్లో కుర్చీకి కూడా నేను పడను."

"చెప్పలేను బావా."

"ఒక్క మాటే కదరా! మనిద్దరమే ఉన్నాం. మీ అక్కకి ఎలా తెలుస్తుంది?"

"జేబులో ఫోను ఆన్‌లోనే ఉంది బావా. నేను మెట్లెక్కినప్పటి నుంచీ వింటోంది."