జర్నేలు సాబు దినాలు

ఇగ జూడు, మళ్ల గట్లనే కూసున్నవ్! తాళాలు ముంగట పెట్టిన, ముట్టవు. అంబలి పోసి పెట్టిన, తాగవు. పొద్దు గుట్ట మీదికి వంగింది మల్లయ్య బావా. దీపాలు పెట్టే యాల్లకు దొర గడి ముంగట మన డోలు మోగాలె. నువ్వు వంత అందుకోకపోతే నేనొక్కన్ని ఏం కథ చెప్పాలె? నా మాటకు నేనే 'ఆఁ' కొట్టుకోవాల్నా? పిచ్చోడంటరు నన్ను.

ఎన్ని ఊర్లు తిరిగినం ఇద్దరం! మల్లన్న కథ, ఎల్లమ్మ కథ, బీరప్ప కథ. కాటమయ్య మాట ఇడిస్తే మల్లయ్య అందుకుంటడు అనేటోళ్లు. గిప్పుడేమో నేనొక్కన్నే ఒర్లుతున్న, నువ్వు ఉలుకవు పలుకవు. సరే తియ్, మాట్లాడకు. చెవులైతే ఉన్నయి గదా? డోలు మంట మీద కాగేదాంక చెప్త, విను.

పొద్దుగాల గడికి పిలిపిచ్చిండ్రు. పోయిన. మున్షీ అరుగు మీద నిలబడి, "కాటమయ్యా, జర్నేలు నరసింగరావు దొరకు ఇయ్యాల సన్మానం. నల్లగొండ నుంచి మిలిటరీ ఆఫీసర్లు వస్తున్నరు. జర్నేలు సాబు జీవితం మొత్తం ఒగ్గు కథ లెక్క చెప్పాలె" అన్నడు.

నేను నోరు తెరిచిన, మూస్తలేను. దొర బతుకు కథనా అన్న. అవు, పుట్టుక కాడికెళ్లి మొదలుపెట్టాలె అన్నడు. డోలు తోనా అన్న. డోలు తోనే. ఊరోళ్ల ముంగటనా? అందర్ని పిలువు, ఆడోళ్లను గూడ పిలువు అన్నడు.

నవ్వు ఎట్ల ఆపుకున్ననో నాకే ఎర్క! మన దిక్కు మనిషి కథ డోలు మీద ఎప్పుడు చెప్తం బావా? దేవుళ్లదైతే జాతరల చెప్తం. మనిషిదైతే ఆ మనిషి సచ్చినంక, దినాల నాడు చెప్తం. గిట్ల పుట్టె, గిట్ల పెరిగె, గిట్ల పాయె అని. ఎనుకట కేతేపల్లిల పోచయ్య దినాలకు చెప్పలేదా మనం? ఆ మున్షీ షాద్‌నగర్ దిక్కోడు, ఆయనకేం ఎర్క మన ఆచారం. దొరనేమో చిన్నప్పుడే పట్నం పంపిచ్చిరి, ఆయనకు గూడ తెల్వది. వాకిలి ఊడుస్తున్న మన ఊరి ఆడిమనిషి అండాలు మాత్రం ఇన్నది. కొంగు నోట్ల కుక్కుకొని గోడ చాటుకు ఉరికింది!

అర్థమైతాందా బావా? జర్నేలు సాబు తన దినాలు తానే చేపిచ్చుకుంటున్నడు! పూలదండ ఏసుకొని, కుర్సీల కూసొని!

అయితే ఏం కథ ఉన్నది ఆయనకు చెప్పెతందుకు? పెద్దన్న భూములు చూసుకుంటడని, చిన్నోడైన ఈయనను నిజాం ఫౌజుల ఏసిండ్రు. గుర్రమెక్కుడు నేర్చిండు. దిగుడు ఇంకా నేర్వలేదు, ఇద్దరు నౌకర్లు పట్టుకోవాలె. నవాబులతోని శికారు పోతే పులి కనపడ్డప్పుడల్లా ఆయనకు కడుపునొప్పి లేస్తుండె. నవాబు పుట్టినరోజుకు ఒక పట్టీ, నవాబు బిడ్డ పెండ్లికి ఒక చుక్క. గట్ల ఏడాదికింత ఎక్కిచ్చుకొని, ఆఖరికి భుజాల మీద జాగ లేకుంట చేసుకున్నడు. లడాయి? ఒక్కటి గూడ కండ్ల చూడలే. జర్నేలు మాత్రం అయిండు.

ఇగ యూనియన్ ఫౌజు వచ్చినప్పటి ముచ్చట నీకు యాది లేదా? బెజవాడ సడక్ మీద ట్యాంకులు వస్తున్నయి, సూర్యాపేట దాటినయి అన్నరు. ఈయన గడి ముంగట నిలబడి మీసం దువ్వుకుంట, నా పీనుగ మీదికెళ్లి పోవాలె అన్నడు. గొర్లను తోలుకొస్తూ నువ్వు గూడ ఇన్నవ్ గదా! తెల్లారి చూస్తే పీనుగూ లేదు, జీపూ లేదు. దుష్మన్ తూర్పు నుంచి వస్తుంటే మన జర్నేలు లడాయి చేసెతందుకు పడమటికి, జడ్చర్ల దిక్కు పోయిండు!

అంతా సల్లబడ్డంక తెల్లటోపీ పెట్టుకొని దిగిండు. మొన్నటిదాంక రజాకార్లకు కోళ్లు కోపిచ్చి పెట్టినాయన, మూడు రంగుల జెండాకు సలాం కొట్టుడు సురువు జేసిండు. కొత్త ఫౌజోళ్లు గూడ 'జర్నేల్ సాబ్' అనే పిలిచిరి. ఎందుకు పిలువరు? వాళ్లకు ఏ గుట్ట ఏడున్నదో, ఏ బాట ఎటు పోతదో ఎర్కలేదాయె. ఈయన ముంగటి జీపుల కూసున్నడు, బాట చూపెట్టెతందుకు.

ఒక్క లడాయి చెయ్యలేదంటిని గదా... చేసిండు. ఒకటి చేసిండు. నీకు నేను చెప్పే పని లేదు.

మొఖం తిప్పుకోకు బావా. ఇయ్యాల చెప్పాలె. లారీల నిండ మిలిటరోళ్లు, తుపాకులు, ముంగట జర్నేలు. ఎవరి మీదికి? మన ఐలేశం మీదికి. దొర భూములు బీదోళ్లకు పంచిన ఎర్రజెండ సంగపోళ్లు గుట్ట మీద ఉంటే, వాళ్లకు తినెతందుకు గటక మోసుకపోతున్న పోరని మీదికి. వాని చేతుల ఏమున్నది? గటక కుండ, గొర్లు కాసే కట్టె. జర్నేలు జీపు కూడ దిగలేదు. వేలు పెట్టి చూపిచ్చిండు. ఆ వేలుకే ఇయ్యాల సన్మానం.

పీనుగ గూడ ఇయ్యకపాయిరి. లారీల ఏసుకొని ఏడికి తీస్కపోయిండ్రో, ఏ మట్టిల కప్పిండ్రో దేవునికెరుక. మా అక్క గురువమ్మ గడి తలుపుకు తల కొట్టుకున్నది. ఎవ్వడన్న తెరిచిండా? దినాల నాడు నేను డోలు తీస్తే కబురొచ్చింది. సంగపోనికి డోలు కొడితే డోలుతో పాటు చేతులు గూడ ఇరుగుతయని. భయపడ్డ. ఎందుకు అబద్ధమాడాలె, భయపడ్డ. నా మేనల్లుని కథ నా గొంతులనే ఉండిపాయె. నువ్వు గా దినం కెళ్లి నోరు తెరుస్తలేవు. అక్క ఏమో నాకు బువ్వ పెట్టినప్పుడల్లా ఒకటే మాట, "తమ్మీ, నా కొడుకు కథ ఎప్పుడు చెప్తవురా?" అని.

ఇయ్యాల చెప్త.

అగో, తలెత్తినవ్! అవు బావా, ఇయ్యాల్నే, గడి ముంగటనే, మిలిటరోళ్ల ముంగటనే చెప్త. దొర చిన్నప్పటి సంగతులు ఏం చెప్పమంటరు అని మున్షీని అడిగిన. ఏదన్న మంచిది కల్పిచ్చు అన్నడు. కల్పిచ్చుడెందుకు, నా కాడ ఐలేశం కథ ఉన్నది గదా అనుకున్న.

జడివాన పడుతుంటే మంద నడుమ, కప్పుకున్న గొంగట్ల పుట్టిండు అని మొదలువెడ్త. గొర్రెపాలు తాగి పెరిగిండు అంట. ఈల ఏస్తే మంద మొత్తం ఎనుకకు మర్లి వచ్చేది అంట. మీసాలు రాకముందే తోడేలు మీదికి ఉరికి గొర్రెపిల్లను గుంజుకొచ్చిండు, ఎడమ పిక్క మీద దాని పండ్ల గాటు ఉన్నది అంట. ఆ గాటు ఎవరిదో ఊర్ల ఎవరికి తెల్వది? పసుపు పెట్టి కట్టు కట్టింది నువ్వే గదా.

దొరకు అనుమానమొస్తదా? రాదు! ఇంకా మీసం దువ్వుకుంటడు చూడు. ఇంకొకని పని తన పేరు మీద రాసుకునుడు ఆయనకు కొత్తనా? జర కూసుంటే నిజంగనే తోడేలును కొట్టిననుకొని కాలు తడుముకుంటడు.

చావు ఎట్ల చెప్తవురా అంటవేమో. చెప్త. ఆకలైనోళ్లకు గటక మోసుకపోతుంటే ఎనుక నుంచి కొట్టిండ్రు, గుట్ట కింద నేలకొరిగిండు అంట. కథల వీరుడు పడ్డడు, మళ్ల లేస్తడు అని దొర చూస్తుంటడు. నేను లేపను బావా. ఆడనే ఆపేస్త. ఇగ అక్క లేచి వచ్చి డోలు మీద చెయ్యి పెడ్తది, దినాల కథ ఒడిసినంక పోయినోని తల్లి పెట్టాలె గదా. మున్షీకి ముందుగాలనే చెప్పి పెట్టిన, ఊరి తరఫున ఒక అవ్వ వచ్చి దొరకు దీవెనార్తి ఇస్తదని. శానా బాగుంటది, శానా బాగుంటది అని భుజం తట్టిండు!

ఏంది? తాళాలు ఎందుకు అవతలికి నూకుతున్నవ్?

ఓ... పేరు. నీ కొడుకు బతుకు మీద ఆయన పేరు. గదేనా?

నాకు మంచిగనిపిస్తదా బావా? కానీ ఐలేశం అని నా నోట్లె కెళ్లి వస్తే ఇంకో మాట రానియ్యరు. నన్ను కాలిస్తే కాల్చనీ, అక్కను ఏం చేస్తరో? అందుకే నేను నరసింగరావు అనాలె. తప్పదు. వాన్ని సంపినోని పేరు తోనే వాన్ని సాగనంపాలె, గసుంటి దినాలొచ్చినయి మనకు.

ఆగు, లేవకు. జర ఇను. నేను ఆయన పేరు అంట, సరేనా? నువ్వు అందుకునేటప్పుడు నీకు ఏ పేరు అనాలనిపిస్తే గా పేరు అను. డోలు నేను పగిలిపొయ్యేటట్టు కొడ్త. ఆఫీసర్లకు తెలుగు రాదు. జర్నేలు తన పేరు ఇన్నంక ఇంకొకరి పేరు ఇనడు, జన్మల ఇనలేదు. ఊరోళ్లకు ఇనపడకున్నా నీ పెదువులు చూసి తెలుసుకుంటరు. నువ్వే అనాలె బావా. తండ్రివి నువ్వు. నువ్వు అంటేనే అది వాని దినాలైతది, లేకుంటే నిజంగ జర్నేలు కథే అయితది.

నాకు గూడ భయమే. గందుకే పొద్దటి కెళ్లి గిన్ని మాటలు మాట్లాడుతున్న.

పట్టుకో. ఆ, గట్ల. ఒక్కపారి చూద్దాం. నేను అంట, నువ్వు అందుకో.

నరసింగరావు... గొంగట్ల పుట్టెనయ్యా...

ఏమన్నవ్? ఇనపడలే. డోలు ఆపుత, ఇంకోపారి అను.

...

బావా. గిన్నాళ్లకు నీ నోట్లె కెళ్లి వచ్చిన మాట గదేనా? వాని పేరే వచ్చిందా? అయ్యో, గంత మెల్లగనా, గొర్లు గూడ ఇనలే. డోలు ఉన్నది గదా, ఇంకా గట్టిగ అను. ఏడ్వకు, ఇప్పుడే ఏడిస్తే ఆడ గొంతు లేవది.

నడువ్, గొంగడి కప్పుకో. అక్కను గూడ లేపు, బయలెల్లుదాం. ఆ జర్నేలు నసీబు చూడు బావా, మన పోరనికి సచ్చినంక గూడ ఏడ్వనియ్యకపాయిరి, ఆయనకేమో బతికుండంగనే ముంగట కూసొని ఊరంతా ఏడుస్తది. తన మీది ప్రేమతోనే ఏడుస్తున్నరనుకుంటడు.

అనుకోనీ.