హైసుల్ గారి సున్నా జింకల దరఖాస్తు

1989వ సంవత్సరం మార్చి ఆరవ తేదీ సోమవారం నాడు, సన్నని వానలో, శ్రీ హైసుల్ గారు మా కొండ మండల కార్యాలయంలో గుమాస్తాగా ప్రవేశించారు. బట్టలో చుట్టిన విల్లుతో సహా వచ్చారని, కుర్చీ చూపించక ముందే దాన్ని ఎక్కడ తగిలించుకోవాలని అడిగారని ఆనాడు తలుపు తీసినవారికి ఇప్పటికీ జ్ఞాపకమే.

ఆ విలువిద్యకు వారి ఆరవ ఏట శ్రీకారం చుట్టారు. మా బునున్ తెగవారి చెవుల పండుగలో కొయ్యకు కట్టిన జింక చెవికి మగపిల్లలు బాణం వేయాలి కదా. గురి తప్పితే అశుభమని పిల్లవాణ్ణి రెండు మూరల దూరంలో నిలబెట్టి, పెద్దలు మోచేయి కూడా పట్టుకుంటారు. హైసుల్ గారు నిరాటంకంగా కొట్టారు. ఆ విజయం వారిలో ఎంతటి విశ్వాసాన్ని నాటిందంటే, ఊరంతా తుపాకులు పట్టినా వారు విల్లునే నమ్ముకొని, ప్రతి శీతకాలమూ కొండ ఎక్కి, ప్రతి శీతకాలమూ పుట్టగొడుగులతో దిగివచ్చారు. “మా ఆయన విల్లు తీశాడంటే నేను కోడిని కోస్తా,” అని వారి సతీమణి సావి గారు అందరితోనూ చెప్పేవారు.

2005లో వేట దరఖాస్తుల బల్ల వారికి అప్పగించబడింది. ఏ జంతువు, ఎన్ని అన్నది ముందుగానే రాయాలని కాగితం అంటుంది. నోటితో చెబితే కొండ వింటుందని, అంకె వేస్తే పొగరనుకుంటుందని మావాళ్లు అంటారు.

“ఎక్కడికి బియుంగ్ బాబాయ్?” అని హైసుల్ గారు బల్ల ముందు నిలబడ్డ ముసలి వేటగాణ్ణి అడిగేవారు.

“ఊరికే, కాస్త అలా తిరిగొద్దామని.”

“ఇక్కడ అంకె వెయ్యాలి మరి.”

“నువ్వే వేసుకో. నేను అటు తిరిగి నుంచుంటా.”

ఇలా ఎందరి అంకెలు వారు మోశారో. పైగా వారికి దుమ్ము పడదు. బయలుదేరే ముందు తుమ్ము వినబడితే వేటగాడు ఇంటిదారి పట్టవలసిందే కనుక, ఆ బల్ల వద్ద ఉన్నంతసేపూ ముక్కుకు రుమాలు బిగించి విధి నిర్వహించిన సహృదయులు వారు.

2013 వసంతంలో పండుగకు నాలుగు రోజులు ఉందనగా కూడా, ఎడతెగని వానల వల్ల, ఊళ్లో ఎవరికీ ఏమీ దొరకలేదు. ఇరవైముగ్గురు పిల్లలు చిన్న విల్లులు పట్టుకొని వీధుల్లో తిరుగుతున్నారు. బజారు నుంచి పంది చెవి తెద్దామన్న మాట పుట్టగానే హైసుల్ గారు సెలవు చీటీ రాశారు. ఆ నెలలోనే విభాగ ప్రధానుల పదోన్నతి జాబితా పైకి వెళ్లనున్నది. పదకొండేళ్లు ఎదురుచూసిన పేరు వారిది, దస్త్రంలో ఒక్క మచ్చ పడినా ఆ పేరు పోతుంది.

ఊరందరి అంకెలూ వేసిన ఆ కలం తన దరఖాస్తు దగ్గర ఆగిపోయింది. చివరికి ‘సున్నా’ అని రాశారు.

“సున్నా జింకలకి అనుమతేంటయ్యా?” అన్నారు పై అధికారి పెంగ్ గారు.

“నా వేట మీకు తెలుసుగా సార్.”

“నీకు అదీ ఎక్కువే,” అని నవ్వుతూ ముద్ర కొట్టారు.

శుక్రవారం తెల్లవారుతుండగా, లోయలో, వారి ఎదుట ఒక జింక నిలబడింది. బాణం తగిలింది. అందరికంటే ముందు ఆశ్చర్యపోయినవారు హైసుల్ గారే.

వాటాలు ఆచారం ప్రకారం ఇంటింటికీ వెళ్లాయి. పండుగనాడు పిల్లలందరూ దాని చెవికి గురిపెట్టారు. సోమవారం హైసుల్ గారు తన మీద తానే నివేదిక రాసుకొచ్చారు: అనుమతించినవి సున్నా, లభించినవి ఒకటి.

“చించెయ్ అబ్బాయ్,” అన్నారు బియుంగ్ గారు. “కొండ ఇచ్చింది, తిన్నాం, అయిపోయింది.”

“ఎనిమిదేళ్లుగా మీ కాగితాలన్నీ నేనే చూస్తున్నా బాబాయ్. నాది దాచి, రేపు మీది ఏ మొహంతో అడగను?”

పెంగ్ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు.

“మొన్న మా ఇంటికి పంపింది ఇదేనా?”

“అదే సార్. తొడ ముక్క.”

“అల్లం వేసి పులుసు కాచుకున్నాం. బాగుంది.” కాగితం బల్ల మీద పెట్టి, “ముందే చెప్పొద్దా?” అన్నారు.

“ముందే చెబితే తినేవారా సార్?”

హెచ్చరిక పత్రం జారీ అయింది. జాబితాలో పేరు పోయింది. ఆ పదవి మరో నాలుగేళ్లకు గానీ దక్కలేదు. అయినా ముప్పై అయిదేళ్ల సేవలో తనకు లభించిన ఆ ఏకైక హెచ్చరికను హైసుల్ గారు అద్దం కట్టించి ముందుగదిలో వేలాడదీశారు. సదరు ఉద్యోగి సదరు తేదీన ఒక జింకను బాణముతో కొట్టియున్నాడని ప్రభుత్వ ముద్రతో చెప్పే కాగితం ఈ కొండల్లో మరెవరి ఇంటా లేదు. తన గురిని ఎవరైనా పరిహసిస్తే వారు వాదించరు, ఆ గోడ దగ్గరకు తీసుకువెళతారు.

2024 జూలై పదహారున పదవీ విరమణ చేస్తున్న వారికి మోకాళ్లు ఏ కొండ దగ్గరా మొరాయించకూడదని, కంటిచూపు మందగించకూడదని, సావి గారితో కలిసి నూరేళ్లు దాటాలని, తన తప్పును తానే రాసిచ్చిన ఆ చేయి చివరిదాకా వణకకూడదని మా కార్యాలయమంతా మనసారా కోరుకుంటున్నది.