పదిహేడో కేజ్ దగ్గర పోసిన నీళ్ళు

నా పేరు బోనంగి అప్పలలక్ష్మి. కొండన్న భార్యను, ఆయన లేరు. వయసు నలభై ఆరు. ఆధార్ కార్డులో నలభై మూడని పడింది, అది తప్పు. కృష్ణదేవిపేట అవతల నల్లరాయి రిజర్వాయర్‌లో రమేష్‌బాబు గారి చేపల కేజ్‌లకు నాలుగేళ్ళుగా మేత వేస్తున్నాను. కేజ్ అంటే నీళ్ళ మీద తేలే వల గది. అలాంటివి ఇరవై నాలుగు ఉన్నాయి, తిలాపియా పెంచుతారు. ఈ రోజు, 2024 నవంబరు 4న, నర్సీపట్నంలో మేజిస్ట్రేటు గారి ఎదుట చెబుతున్నాను. నన్నెవరూ తీసుకురాలేదు. షేర్ ఆటోలో నేనే వచ్చాను.

మా తమ్ముడు సింహాచలం పదమూడు రోజులుగా లోపల ఉన్నాడు. కేజ్‌ల దగ్గర విషం పోసి చేపల్ని చంపాడని కేసు. అతను పోశాడని మొదట చెప్పింది నేనే. దాన్ని దిద్దడానికి వచ్చాను.

తమ్ముడు అదే నీళ్ళలో వల వేసుకుని బతుకుతాడు. కేజ్‌లు పెట్టిన మొదటి ఏడు లంగరు తాడు పైకి లాగితే ఇసుక అంటుకుని వచ్చేది. ఈ ఏడు నల్లటి బురద జిగురుగా వచ్చింది, కుళ్ళిన గుడ్డు కంపు. తినకుండా మిగిలి అడుక్కి దిగిన మేత, చేపల పెంట కలిసి అలా అయింది. నేను వేసిన మేతే. నీళ్ళు చిక్కటి పచ్చరంగుకు తిరిగాయి. తమ్ముడి వలలో గంపెడు పడే పరిగె చేపలు గుప్పెడు పడటం మొదలుపెట్టాయి.

దసరా దాటాక రమేష్‌బాబు గారు మేత పెంచమన్నారు. "కార్తీకం వచ్చెత్తంది లక్ష్మీ. కార్తీకంలో చేప ఎవడు కొంటాడు? బేగి బరువెక్కాలి" అన్నారు. రోజుకు ఎనిమిది బస్తాలు వేసేదాన్ని, పన్నెండు వేశాను.

అక్టోబరు 20 ఆదివారం నుంచి మబ్బు పట్టింది, గాలి లేదు. మబ్బు రోజున చేపలకు నీళ్ళలో ఊపిరి చాలదు, మేత తగ్గించాలని నాకు పని నేర్పిన మనిషి చెప్పాడు. సోమవారం ఫోన్ చేసి, "మబ్బుగుందండి, మేత ఆపీమంటారా?" అని అడిగాను. "ఆపితే ఆ బరువు నువ్విత్తావా? వెయ్యి" అన్నారు. వేశాను.

ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చాడు. "అక్కా, నీళ్ళు కంపెత్తిపోతన్నాయి. అమ్మకి సలవ సెయ్యాల" అన్నాడు. నీళ్ళు చెడితే మావాళ్ళు గంగమ్మకు పసుపు నీళ్ళు పోస్తారు. ఇంటి ఆడపడుచు కలపాలి, మగవాడు పోయాలి. మా గంగమ్మ రాయి రిజర్వాయర్ కట్టినప్పుడు మునిగిపోయింది. సరిగ్గా ఆ రాయి పైన ఇప్పుడు పదిహేడో కేజ్ ఉంది. మా అమ్మ వాడిన ఇత్తడి చెంబులో పసుపు, వేపాకు, కాసిన్ని పాలు నేనే కలిపి ఇచ్చాను.

మంగళవారం, 22వ తేదీ. నా ఫోన్‌లో అయిదింటికి అలారం మోగింది. గట్టు దిగి ఫోన్ లైటు వేసి చూస్తే చేపలు అప్పటికే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అన్ని కేజ్‌లలోనూ. కేజ్‌ల బయట పరిగెలు కూడా అంతే. అయిదు గంటలకు, ఇది రాయండి. తమ్ముడు తెప్ప మీద వచ్చింది అయిదున్నరకు. పదిహేడో కేజ్ పక్కన చెంబు వంచాడు, దణ్ణం పెట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆరింటికి నేను మేత వేశాను. నోళ్ళు తెరిచిన చేపలకు మేత వేశాను. ఒక్కటీ తినలేదు. ఏడింటికి వెల్లకిలా తిరిగాయి. కిలోమీటరు దూరాన అవతలి గట్టు దగ్గర కూడా పరిగెలు చచ్చి తేలాయి. చెంబెడు నీళ్ళు అంత దూరం పోవు.

ఎనిమిదీ పదికి రమేష్‌బాబు గారు వచ్చారు.

"ఎవడన్నా వచ్చి ఇక్కడేటన్నా పోసేడా?"

"పోసేడండి."

"ఎవడు?"

"మా తమ్ముడండి."

ఏమి పోశాడని ఆయన అడగలేదు. ఫోన్ తీశారు. నేనూ చెప్పలేదు. కలిపింది నేనే అంటే పని పోతుందని భయపడ్డాను. పదకొండింటికి పోలీసులు తమ్ముణ్ణి తీసుకుపోయారు. అప్పుడు నేను చచ్చిన చేపల్ని బుట్టలకెత్తుతున్నాను. పొద్దుగూకేదాకా ఎత్తాను. మర్నాడూ ఎత్తాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అన్నం తింటుంటే చేతి కంపు మాత్రం తెలుస్తోంది.

తమ్ముడి భార్య సత్యలక్ష్మి మా గుమ్మంలోకొచ్చి, "పోసేడంటే సరిపోద్దా వొదినా? ఏటి పోసేడో సెప్పవా?" అంది. మళ్ళీ అదే మాట అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఆమె మా గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. తమ్ముడు పోసింది పసుపు నీళ్ళు. నీళ్ళు బాగుపడాలని పోశాడు. కేజ్‌లు ఖాళీగా ఉన్నాయి. వచ్చే వారం కొత్త చేపపిల్లలు వస్తాయట. మేత బస్తాలు నిన్ననే దించారు, నన్నే రమ్మన్నారు.

ఈ ఉదయం ఆటో ఎక్కే ముందు నేను కూడా పసుపు కలిపి, పదిహేడో కేజ్ దగ్గర పోసి వచ్చాను. చెంబు కేసు కింద పట్టుకుపోయారు కనుక స్టీలు గ్లాసుతో పోశాను. మగవాడు పోయాలి, కానీ ఇంట్లో మగవాడు లేడు. చేపలేవీ చావలేదు. చావడానికి అందులో ఏమీ లేవు. వాడు పోసింది విషమైతే నేను పోసిందీ విషమే అయ్యగారూ. వాడిని పంపండి, లేకపోతే నన్ను కూడా ఉంచండి.

ఇందులో ఉన్నవన్నీ నేను కళ్ళారా చూసినవి, నా చేతులతో చేసినవి. చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. సంతకం రాదు కనుక వేలిముద్ర వేస్తున్నాను. ఇంకు సరిగా పట్టడానికి వేలు తుడుచుకోమన్నారు. తుడుచుకున్నాను, పసుపు పూర్తిగా పోలేదు.

బోనంగి అప్పలలక్ష్మి
ఎడమ బొటనవేలి ముద్ర